‘గెట్’ అర్థాలన్నీ కంఠస్థం చేయాలా?

బెంగళూరులో, మారతహళ్ళి వైపు ఒక కంపెనీలో పని చేస్తున్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది. ఇంటర్ వరకు తెలుగు మాధ్యమంలో చదివారు. నిఘంటువులో ‘గెట్’ అనే మాట తీస్తే అర్థాలు పేజీలకు పేజీలు ఉన్నాయి, అవన్నీ నేర్చుకోవడం ఎలా అని అడిగారు. మెయిల్‌లో ఆ మాట ఎక్కువగా వాడవద్దని పై అధికారి అన్నారట, ఎందుకని? అమెరికా సహోద్యోగులు ‘గాట్’కు బదులు ‘గాటెన్’ అంటారు, అది తప్పా? ఈ రెండూ అనుబంధ ప్రశ్నలు.

సూటిగా చెప్పాలంటే, కంఠస్థం చేయవద్దు. ఆ పేజీలన్నిటి వెనుక ఉన్న పని ఒక్కటే: ఇంతకుముందు లేనిది ఇప్పుడు కలగడం. వస్తువు కలిగితే మనం ‘దొరికింది’ అంటాం. గుణం కలిగితే ‘అయింది’ అంటాం. చోటు మారితే ‘చేరాను’ అంటాం. పూనుకొని ఇంకొకరి చేత పని జరిపిస్తే ‘చేయించాను’ అంటాం. ఇన్ని క్రియలు తెలుగులో చేసే పనిని ఇంగ్లీషులో ఒక్క ‘గెట్’ చేస్తుంది. కాబట్టి ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టి, మీ తెలుగు వాక్యం చివర ఏ క్రియ ఉందో చూడండి. ‘గెట్’ ఎక్కడ వాడాలో చాలావరకు అదే చెబుతుంది. ఇక మెయిల్ సంగతి: అది తప్పు మాట కాదు, కొన్ని చోట్ల నప్పదు, అంతే. ‘గాటెన్’ కూడా తప్పు కాదు. అది బ్రిటన్ చాలావరకు వదిలేసుకున్న పాత రూపం.

నేను బెంగళూరులో చాలాకాలంగా ఉద్యోగులకు ఇంగ్లీషు నేర్పుతున్నాను. నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది కర్నూలు, అనంతపురం, చిత్తూరు, నెల్లూరు జిల్లాలవారు. వాళ్ళ నోట ఈ క్రియ ఎక్కడ తడబడుతుందో వింటూ వచ్చాను కాబట్టి ఆ చోట్ల గురించే చెబుతాను.

‘నాకు... వచ్చింది’ అన్నప్పుడు. నాకు ఉద్యోగం వచ్చింది, నాకు జ్వరం వచ్చింది, నాకు కోపం వచ్చింది, నాకొక ఆలోచన వచ్చింది. ఉద్యోగం, జ్వరం, కోపం, ఆలోచన అన్నీ తమంతట తాము నడిచి వస్తాయి. మనం ‘కు’ విభక్తి తగిలించుకొని ఒక పక్కన నిలబడతాం. ఇంగ్లీషు దీనికి ఒప్పుకోదు. మనిషిని తెచ్చి వాక్యం ముందు కూర్చోబెడుతుంది: ‘ఐ గాట్ ఎ జాబ్’, ‘ఐ గాట్ ఎ ఫీవర్’, ‘ఐ గాట్ యాంగ్రీ’, ‘ఐ గాట్ యాన్ ఐడియా’. ‘నాకు’ అనేది ‘నేను’గా మారింది, ‘వచ్చింది’ అనేది ‘గాట్’ అయింది.

ఇక్కడ మూడో వాక్యం దగ్గర కాస్త ఆగండి. ‘కోపం’ నామవాచకం, ‘యాంగ్రీ’ విశేషణం. మనవాళ్ళు ఎక్కువగా జారేది ఇక్కడే. ‘ఐ గాట్ టెన్షన్’ అంటారు. కావలసింది ‘ఐ గాట్ టెన్స్’. ‘ఐ యామ్ గెటింగ్ బోర్’ అంటారు. కావలసింది ‘బోర్డ్’. ‘నిద్ర వస్తోంది’ని యథాతథంగా మార్చి ‘ఐ యామ్ గెటింగ్ స్లీప్’ అంటారు. కావలసింది ‘స్లీపీ’. మనసుకో ఒంటికో కలిగే స్థితి చెప్పేటప్పుడు ‘గెట్’ తరువాత విశేషణం రావాలని ఒక్కటి గుర్తుంచుకుంటే ఇలాంటి తప్పులు చాలా తగ్గిపోతాయి. జబ్బుల పేర్లు, వస్తువులు మాత్రం నామవాచకాలుగానే ఉంటాయి.

‘నాకొక సందేహం వస్తోంది’ మరో రకం. ‘ఐ యామ్ గెటింగ్ ఎ డౌట్’ అన్న మాట బెంగళూరు సమావేశ గదుల్లో రోజూ వినిపిస్తుంది, ఎవరూ ఉలిక్కిపడరు. ఎందుకు ఉలిక్కిపడాలి? కన్నడిగులు ‘ననగె కోప బంతు’ అంటారు, తమిళులు ‘ఎనక్కు కోపం వందదు’ అంటారు. వాక్యం అల్లిక మనదే. గదిలో ఉన్న పదిమందీ దక్షిణాదివారైతే అందరి తలల్లోనూ ఒకే అచ్చు ఉంటుంది కాబట్టి తప్పు ఎవరి చెవికీ తగలదు. ఫోనులో అటువైపు లండన్ మనిషి ఉంటే మాత్రం ఆయన ఒక్క క్షణం ఆగుతారు. ఆయన దృష్టిలో ‘డౌట్’ అంటే అనుమానం, అపనమ్మకం. మీరు అడగదలచుకున్నది వివరణ అయితే ‘ఐ హావ్ ఎ క్వశ్చన్’ అనండి. ‘గెట్’ అవసరమే లేదు.

ఈ సూత్రం అన్ని ‘వచ్చు’లకూ చెల్లదు. ‘నాకు ఇంగ్లీషు వచ్చు’లోని ‘వచ్చు’ తెలిసి ఉండటం. అక్కడ ‘నో’ అనే క్రియ వాడాలి. ‘గుర్తుకు వచ్చింది’ అంటే ‘రిమెంబర్డ్’. ‘నవ్వు వచ్చింది’, ‘ఏడుపు వచ్చింది’ అన్నవాటికి ‘ఫెల్ట్ లైక్’ అనే దారి ఉంది. ఏదైనా కొత్తగా చేతికి అందిందా, ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారామా అని అడిగి చూడండి. జవాబు అవును అయితేనే ‘గెట్’.

‘దొరుకు’ కూడా ఇలాంటిదే, కానీ అక్కడ తప్పు ఇంకో రూపంలో వస్తుంది. ‘మల్లేశ్వరంలో మంచి దోసె దొరుకుతుంది’ అనడానికి ‘గుడ్ దోస ఈజ్ గెటింగ్ ఇన్ మల్లేశ్వరం’ అన్నవారిని విన్నాను. దోసె దేన్నీ పొందదు, పొందేది తినేవాళ్ళు. ‘యు గెట్ గుడ్ దోసాస్ ఇన్ మల్లేశ్వరం’ అనాలి. ఆ ‘యు’ అంటే ఎదుటి మనిషే కానక్కరలేదు, ఎవరైనా కావచ్చు. తెలుగు వాక్యంలో మనిషి కనిపించకపోయినా ఇంగ్లీషు వాక్యంలో ఒక మనిషిని పెట్టవలసిందే.

ఇక ‘ఇంచు’ ప్రత్యయం. నా ఉద్దేశంలో తెలుగువాళ్ళకు ‘గెట్’ విషయంలో ఉన్న పెద్ద ఆస్తి ఇదే, అయినా దీన్ని వాడుకునేవారు తక్కువ. చేయు – చేయించు, కుట్టు – కుట్టించు, కట్టు – కట్టించు, పీకు – పీకించు. ధాతువుకు చిన్న ముక్క తగిలిస్తే ‘నేను చేయలేదు, ఇంకొకరి చేత జరిపించాను’ అన్న అర్థం వచ్చేస్తుంది. ఇంగ్లీషు క్రియలకు ఇలాంటి సదుపాయం లేదు. అందుకని ‘గెట్’ను తెచ్చి, పని చేయించుకున్న వస్తువును మధ్యలో పెట్టి, క్రియ మూడో రూపాన్ని చివర పెడతారు. రవిక కుట్టించాను: ‘ఐ గాట్ ఎ బ్లౌజ్ స్టిచ్డ్’. పన్ను పీకించుకున్నాను: ‘ఐ గాట్ మై టూత్ పుల్డ్’. బండి బాగు చేయించాను: ‘ఐ గాట్ మై బైక్ రిపేర్డ్’.

మనవాళ్ళు చేసేదేమిటంటే, తెలుగులో ‘ఇంచు’ను ఒక్కసారి కూడా మరచిపోరు, ఇంగ్లీషుకు వెళ్ళగానే వదిలేస్తారు. ‘ఐ రిమూవ్డ్ మై టూత్’ అంటే మీరే పటకారు పట్టుకొని పీక్కున్నారని అర్థం. ఒక తరగతిలో నెల్లూరు అమ్మాయి ఒకరు ‘ఐ స్టిచ్డ్ త్రీ డ్రెస్సెస్ ఫర్ ద వెడ్డింగ్’ అన్నారు. పక్కనున్నావిడ ‘మీకు కుట్టుపని కూడా వచ్చా?’ అని మెచ్చుకోలుగా అడిగారు. అమ్మాయి తెల్లబోయింది. తెలుగులో చెప్పమంటే తడుముకోకుండా ‘కుట్టించాను’ అంది. అంటే ఆలోచన సరిగ్గానే ఉంది, దారిలో ‘ఇంచు’ జారిపోయింది. నేను బోర్డు మీద ‘ఇంచు = గెట్ + వస్తువు + మూడో రూపం’ అని రాసి ఊరుకున్నాను. మిగతా తరగతంతా వాళ్ళే తమ ఇళ్ళలో ఎవరి చేత ఏమేమి చేయిస్తారో చెప్పుకుంటూ గడిపారు: సున్నం వేయించడం, గ్యాస్ తెప్పించడం, జాతకం చూపించడం. చివరిదానికి ఇంగ్లీషు వాక్యం కట్టడానికి కాస్త తన్నుకులాడవలసి వచ్చింది.

ఒక చిక్కుంది. చివర ‘ఇంచు’ అని వినిపించిన ప్రతిదీ ఇంకొకరి చేత చేయించేది కాదు. ప్రేమించు, గ్రహించు, కత్తిరించు వంటివి సొంతంగా చేసే పనులే. ‘జుట్టు కత్తిరించుకున్నాను’ అన్నప్పుడు కత్తెర ఎవరి చేతిలో ఉందో తెలుగు వాక్యం చెప్పదు. మంగలి దగ్గరికి వెళ్ళామని వినేవాళ్ళకు ఎలాగూ తెలుసు. దాన్నే మార్చి ‘ఐ కట్ మై హెయిర్’ అంటే, అద్దం ముందు నిలబడి మీరే కత్తిరించుకున్నారా అన్న సందేహానికి చోటుంది. ఇలాంటి చోట పాత మాటను అడ్డుపెట్టుకోండి: క్షవరం చేయించుకున్నాను. అప్పుడు ‘ఐ గాట్ మై హెయిర్ కట్’ దానంతటదే వస్తుంది.

ఆఫీసులో ఇది ఇంకా ముఖ్యం. ‘వాళ్ళ చేత టెస్ట్ చేయిస్తాను’ అనడానికి ‘ఐ విల్ టెస్ట్ ఇట్ బై దెమ్’ అని రాసిన మెయిళ్ళు నా దగ్గరికి దిద్దడానికి వస్తుంటాయి. దీనికి రెండు దారులున్నాయి. పని పూర్తి కావడం ముఖ్యమైతే ‘ఐ విల్ గెట్ ఇట్ టెస్టెడ్’. ఎవరు చేస్తారన్నది ముఖ్యమైతే ‘ఐ విల్ గెట్ దెమ్ టు టెస్ట్ ఇట్’. రెండో వాక్యంలో ఆ ‘టు’ తప్పనిసరి. ‘మేక్’, ‘లెట్’, ‘హావ్’ అనే క్రియలతో ఈ ‘టు’ రాదు, ‘గెట్’తో మాత్రం వస్తుంది. అర్థంలోనూ తేడా ఉంది. ‘మేక్’ అంటే బలవంతం, ‘లెట్’ అంటే అనుమతి. ‘గెట్’ అంటే నచ్చజెప్పో, వెంటపడో, బతిమాలో చేయించడం. ‘ఐ గాట్ హిమ్ టు సైన్’ అన్నప్పుడు ఆ సంతకం ఊరికే రాలేదని వినేవాళ్ళకు తెలిసిపోతుంది.

ఒక హెచ్చరిక. ఫోను పోయినప్పుడు ‘ఐ గాట్ మై ఫోన్ స్టోలెన్’ అని కూడా వాడుకలో ఉంది కానీ, ‘ఇంచు’ అర్థం బలంగా ఉండటం వల్ల మీరే దగ్గరుండి దొంగతనం చేయించినట్టు ధ్వనించవచ్చు. ‘మై ఫోన్ గాట్ స్టోలెన్’ అనండి, బాధ బాధగానే ఉంటుంది.

ఈ చివరి వాక్యంలోని ‘గాట్’ మరో రకం. తెలుగులో దెబ్బలు తిన్నాడు, తిట్లు తిన్నాడు, మోసపోయాడు అన్నప్పుడు ‘తిను’, ‘పోవు’ చేసే పని ఇక్కడ ‘గెట్’ చేస్తుంది: ‘హి గాట్ బీటెన్’, ‘హి గాట్ చీటెడ్’. మాట్లాడేటప్పుడు బాగుంటుంది. నివేదికల్లో ‘వాజ్’ అనే మామూలు రూపం మేలు.

బస్సు దిగడం. మనకు ‘దిగు’ ఒక్కటే. చెట్టు దిగుతాం, మెట్లు దిగుతాం, బస్సు దిగుతాం, ఆటో దిగుతాం. కన్నడలో ‘ఇళి’, తమిళంలో ‘ఇఱంగు’ కూడా అంతే. అందుకే మెజెస్టిక్ దగ్గరైనా సిల్క్ బోర్డు దగ్గరైనా అందరి నోటా ఒకే మాట: ‘గెట్ డౌన్’. భారతీయ ఇంగ్లీషులో ఇది పాతుకుపోయిన వాడుక. ఇక్కడ మార్చుకోవలసిన అవసరం లేదు. బయటివాళ్ళతో మాట్లాడేటప్పుడు ఈ తేడా తెలిసి ఉంటే చాలు: నిలబడి అటూఇటూ నడవగలిగేవి, కాళ్ళు చెరోవైపు వేసి కూర్చునేవి అయితే ‘గెట్ ఆన్’, ‘గెట్ ఆఫ్’. బస్సు, రైలు, మెట్రో, విమానం, సైకిలు, గుర్రం ఈ జాబితాలోవి. వంగి లోపలికి దూరవలసిన కారు, ఆటో అయితే ‘గెట్ ఇన్’, ‘గెట్ ఔట్’. ‘గెట్ డౌన్’ వాళ్ళకు నిచ్చెన మీదనుంచో గోడ మీదనుంచో దిగడం. గట్టిగా అరిచి చెబితే ‘తల దించు, నేలకు కరుచుకో’ అని అర్థం.

చేరుకోవడం గురించి ఒక్క మాట. ‘రీచ్డ్ టు హోమ్’ అనేవారికి ‘గాట్ హోమ్’ చాలా సులువు. హోమ్, హియర్, దేర్ ముందు ‘టు’ ఉండదు. ‘గాట్’ తరువాత ఊరి పేరు, ఆఫీసు, స్టేషను వస్తే వాటి ముందు ఉంటుంది.

‘అలవాటు’ దగ్గర కూడా మన తెలుగే ఆదుకుంటుంది. ‘నాకు ట్రాఫిక్ అలవాటే’ అంటే ఉన్న స్థితి: ‘ఐ యామ్ యూజ్డ్ టు ద ట్రాఫిక్’. ‘ట్రాఫిక్‌కు అలవాటు పడ్డాను’ అంటే జరిగిన మార్పు: ‘ఐ గాట్ యూజ్డ్ టు ద ట్రాఫిక్’. ‘పడు’ ఉన్నచోట ‘గెట్’, లేనిచోట ‘బి’. ‘పెళ్ళయింది’ దగ్గర మాత్రం తెలుగు సాయం చేయదు. స్థితికీ సంఘటనకూ మనకు అదే మాట. మూడేళ్ళ క్రితం పెళ్ళయింది అంటే ‘గాట్ మారీడ్’. పెళ్ళయిన మనిషిని అంటే ‘యామ్ మారీడ్’. రెండిటికీ తరువాత ‘టు’ రావాలి కానీ ‘విత్’ కాదు.

ఈ మాట ఎక్కడనుంచి వచ్చిందో మీరు అడగలేదు, కానీ తెలిస్తే ‘ఐ గెట్ ఇట్’ అంటే ‘అర్థమైంది’ అని ఎందుకో తెలుస్తుంది. ‘గెట్’ నిజానికి ఇంగ్లండుకు బయటనుంచి వచ్చిన మాట. 793లో ఇంగ్లండు ఈశాన్య తీరంలోని లిండిస్‌ఫార్న్ మఠం మీద దాడితో, స్కాండినేవియా నుంచి ఓడల్లో వచ్చిన వైకింగుల రాక చరిత్రకెక్కింది. తరువాతి శతాబ్దంలో వాళ్ళు ఉత్తర, తూర్పు ఇంగ్లండులో స్థిరపడ్డారు. వాళ్ళ పాత నార్స్ భాషలోని ‘గెటా’ నుంచి వచ్చిందే ‘గెట్’. టేక్, దే, ఎగ్, స్కై, నైఫ్, విండో కూడా ఆ భాషనుంచి వచ్చినవే. యుద్ధం చేసిన మనుషులు పక్కింటివాళ్ళైతే గుడ్డు, కత్తి, కిటికీ అన్నీ ఇచ్చిపుచ్చుకుంటారన్నమాట.

పాత ఇంగ్లీషులో ఇదే కుటుంబపు క్రియ ఉండేది కానీ, ఉపసర్గలతో కలిసే కనిపించేది. నేటి ‘బిగెట్’ (సంతానం కనడం), ‘ఫర్‌గెట్’ ఆ వంశానివే. ఆ రోజుల్లో వాటిలో ‘గ’ బదులు ‘య’కు దగ్గరి ధ్వని ఉండేది. ఇప్పుడు మనం గట్టి ‘గ’ పలుకుతున్నామంటే అది నార్స్ ప్రభావమే. ‘ఫర్‌గెట్’ అంటే మొదట పట్టు జారిపోవడం. ఇంకా వెనక్కి వెళితే, ఇంగ్లీషు, లాటిన్, సంస్కృతం వంటి భాషలకు మూలమైన ఇండో-యూరోపియన్ భాషలో పట్టుకోవడం అనే అర్థమున్న ధాతువు ఒకటి ఉంది. లాటిన్‌లో అదే ‘ప్రెహెండెరె’ అయింది. కాంప్రిహెండ్ (అర్థం చేసుకోవడం), అప్రిహెండ్ (పట్టుకోవడం), ప్రిజన్ (జైలు) దాని సంతానం. అంటే ‘ఐ గెట్ ఇట్’ అనే సాదా మాటకూ ‘కాంప్రిహెండ్’ అనే బరువైన మాటకూ దూరపు చుట్టరికం ఉంది. మన ‘గ్రహించు’ను చూడండి. సంస్కృతంలో ‘గ్రహ్’ అంటే పట్టుకోవడం, పాణిగ్రహణంలో ఉన్నది అదే. ధాతువు వేరు, ఆలోచన ఒకటే. అయితే ‘ఐ యామ్ నాట్ గెటింగ్ యు’ అనకండి. అర్థం కావడం అన్న భావంలో ‘ఇంగ్’ రూపం సాధారణంగా నప్పదు. ‘ఐ డోంట్ గెట్ ఇట్’ అనండి. పెద్దవారితో అయితే ‘ఐ డిడ్ నాట్ ఫాలో’ అనడం మర్యాద.

ఇక ‘గాటెన్’. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు తెరిచి ఆదికాండము నాలుగో అధ్యాయం మొదటి వచనం చూడండి. కయీను పుట్టినప్పుడు హవ్వ అన్న మాట ‘ఐ హావ్ గాటెన్ ఎ మ్యాన్ ఫ్రమ్ ద లార్డ్’ అని ఉంటుంది. అప్పట్లో ఇంగ్లండులోనూ ఈ రూపం మామూలే. సముద్రం దాటి వెళ్ళినవాళ్ళు దాన్ని అమెరికాకు పట్టుకెళ్ళి దాచుకున్నారు, ఉన్నవాళ్ళు క్రమంగా వదిలేశారు. పూర్తిగానూ వదలలేదు, ‘ఫర్‌గాటెన్’ను బ్రిటన్‌వాళ్ళు కూడా వాడతారు. అమెరికాలో దీనికి ఒక ప్రయోజనం ఉంది. ‘ఐ హావ్ గాట్’ అంటే నా దగ్గర ఉంది. ‘ఐ హావ్ గాటెన్’ అంటే నాకు వచ్చింది, లేదా నేను అలా మారాను. ఉండటానికీ కలగడానికీ మధ్య తేడా అక్కడ మాటలోనే తెలిసిపోతుంది. మీరు నేర్చుకున్నది బ్రిటిష్ పద్ధతి ఇంగ్లీషు కాబట్టి ‘గాట్’తోనే ఉండండి. అమెరికావాళ్ళ మెయిల్‌లో ‘గాటెన్’ కనిపిస్తే మాత్రం దిద్దకండి. ఒక మెయిల్‌లో రెండు పద్ధతులూ కలపకండి.

మీ అధికారి మాట సగం నిజం. ‘గెట్’ మాట్లాడే భాషలో పుట్టి పెరిగిన క్రియ. ఒప్పందాల్లో, ఫిర్యాదుల్లో, సెలవు చీటీల్లో ‘రిసీవ్’, ‘అబ్టెయిన్’, ‘బికమ్’ వంటివి కుదురుగా ఉంటాయి. ఒకే పేరాలో నాలుగు ‘గాట్’లు పడితే రాసినవాళ్ళకు వేరే మాటలు తెలియవేమో అనిపిస్తుంది కూడా. కానీ జట్టులోవాళ్ళకు రాసే మామూలు మెయిల్‌లో ‘ఐ విల్ గెట్ బ్యాక్ టు యు బై ఫ్రైడే’ అనడంలో దోషం ఏమీ లేదు. మన ఆఫీసుల్లో దానికి బదులు ‘ఐ విల్ రివర్ట్’ అని రాసి గంభీరంగా ఉందనుకుంటారు. బయటి దేశాల్లో చాలామందికి ‘రివర్ట్’ అంటే పాత స్థితికి తిరిగి వెళ్ళడం. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళకు ఈ తేడా నేను చెప్పనక్కరలేదు. చేసిన మార్పును వెనక్కి తీసుకుంటామని వాళ్ళకు మెయిల్ పెడితే ఏమవుతుందో ఊహించుకోండి.

పంపే ముందు ఒకసారి మెయిల్ చదివి, ప్రతి ‘గాట్’ స్థానంలో తెలుగు క్రియ ఏదో అనుకోండి. ‘అందింది’ అయితే ‘రిసీవ్డ్’ పెట్టవచ్చు. ‘అయింది’ అయితే ‘బికేమ్’ పెట్టవచ్చు. ‘చేయించాను’ అయితే అలాగే ఉంచేయండి. అక్కడ ‘గెట్’ తీసేస్తే ఆ పని మీరే చేసినట్టు అవుతుంది.